పాలు దిగని పచ్చిక

దెల్మీరా అరాంబిదేను నేను ఇరవై ఆరేళ్ల పాటు ఆరు వారాలకొకసారి చూస్తూ వచ్చాను. నా పని గుర్రాల డెక్కలు చెక్కడం. రౌచ్ ఊరి నుంచి తూర్పుకు పోయే మట్టిదారి పొడవునా ఉన్న పొలాల్లో గుర్రాలన్నీ నా చేతి కిందివే. పెద్ద గుర్రాలకైతే నడుం వంచితే చాలు. దెల్మీరా గుర్రాలకు మాత్రం నేల మీద చతికిలబడాల్సిందే. అవి పొట్టి జాతి. తలెత్తి నిలబడ్డా వాటి వీపు నా నడుం దాకా రాదు. మోకాళ్లు నొప్పెట్టి నేను మూలుగుతుంటే ఆమె పక్కన నిలబడి మాతే ఆకుల కషాయం గొట్టంతో పీలుస్తూ అనేది:

"సెలెస్తీనో, గుర్రం కంటే నువ్వే ఎక్కువ సకిలిస్తున్నావు."

ఆమె నవ్వించేది కానీ తాను నవ్వేది కాదు. సన్నటి మనిషి, ఎండకు కమిలిన మొహం, మగవాళ్ల బూట్లు. పద్నాలుగో ఏట దోన్ ఎవరిస్తో అనే భూస్వామి ఇంట్లో వంటపనికి చేరింది. ఆయనకు పొట్టి గుర్రాలంటే ప్రాణం. దెల్మీరా కూరలో ఉప్పు వేయడం మరిచిపోయేది గానీ ఏ గుర్రం ఏ రోజు ఈనుతుందో మరిచిపోయేది కాదు. ఆయన పోతూ పోతూ నాలుగు ఆడగుర్రాలను ఆమె పేర రాసిపోయాడు. వాటిని తోలుకుని తండ్రి పొలానికి తిరిగొచ్చింది. పెళ్లి చేసుకోలేదు.

తండ్రి పోయాక పొలం మధ్యన తీగ కంచె పడింది. పల్లపు సగం దెల్మీరాది. మెరక సగం, గాలిమర ఉన్న వైపు, చెల్లెలు ఎర్మిందాది. ఎర్మిందా, ఆమె భర్త రుఫీనో అక్కడే ఇల్లు కట్టుకున్నారు. అప్పట్లో ఆ కంచె పేరుకే కంచె. రోజుకు పదిసార్లు ఎవరో ఒకరు దాటుతూ ఉండేవారు.

తర్వాత పెద్ద వరద వచ్చింది. మూడు రోజులు ఆగకుండా కురిసి, పల్లం మొత్తం చెరువైపోయింది. పెద్ద గుర్రాలకు మోకాలి లోతు నీళ్లంటే దెల్మీరా గుర్రాలకు మెడ లోతు. ఆమె పరిగెత్తుకుంటూ వెళ్లి చెల్లెలి ఇంటి తలుపు కొట్టింది. రుఫీనో తాడు తీసుకుని నీళ్లలోకి దిగాడు. మూడింటిని గట్టు మీదికి చేర్చాడు. నాలుగోదాని కోసం మళ్లీ దిగాడు. రెండు రోజుల తర్వాత రైలుకట్ట కింది తూము దగ్గర ఆయన దొరికాడు.

ఆ రోజు నుంచి ఎర్మిందా అక్కతో మాట్లాడలేదు. అంత్యక్రియల్లో దెల్మీరా దగ్గరికి వస్తే మొహం తిప్పుకుందని చూసినవాళ్లు చెప్పారు. ఇద్దరి ఇళ్లకూ మధ్య అరమైలు ఉండదు. ఒకరి పొగగొట్టం ఒకరికి కనిపిస్తుంది. అలా పంతొమ్మిదేళ్లు గడిచాయి.

నేను రెండిళ్లకూ వెళ్లేవాణ్ణి. ఎర్మిందా దగ్గర బండి లాగే ముసలి గుర్రం ఒకటి ఉండేది. ఒక ఇంటి కబురు రెండో ఇంట్లో చెప్పకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. వాళ్ల మొహాలు చూసి నేనే నేర్చుకున్నాను.

వరద తీశాక పల్లంలో బురద తప్ప ఏమీ మిగల్లేదు. అలాంటి నేలలో బతికే గడ్డి ఒక్కటే: ఫెస్తూకా. నీళ్లు నిలిచినా చావదు, ఎండ కాసినా చావదు. దెల్మీరా చేత్తో విత్తనం చల్లి పెంచింది. రెండేళ్లలో పల్లమంతా ముదురు పచ్చగా కమ్మేసింది. ఆవులు తిని బలిశాయి. పొట్టి గుర్రాలూ బలిశాయి. మొదట్లో ఎవరికీ ఏ తేడా కనిపించలేదు. కానీ ఏటేటా ఈతలు కష్టమవుతూ వచ్చాయి. నెలలు నిండినా ఈనకుండా మరో నెల మోసేవి. ఈనాక పొదుగు ముడుచుకుపోయి ఉండేది. ముసలివి ఒక్కొక్కటే పోయి, ఆఖరికి మోస్కా ఒక్కతే మిగిలింది. మోస్కా అంటే ఈగ. నల్లగా, ముక్కు మీద తెల్ల చుక్కతో ఉండేది. రుఫీనో గట్టెక్కించిన వాటిలో ఒకదానికి పుట్టిన పిల్ల.

దాని ఆఖరి కాన్పుకు ముందుది నేను కళ్లారా చూశాను. పన్నెండు నెలలు దాటాక ఈనింది. పిల్ల పెద్దదే, డెక్కలు పొడుగ్గా పెరిగిపోయి ఉన్నాయి, కానీ తల నిలపలేకపోయింది. మోస్కా దాన్ని నాకుతూ, పక్కకు జరిగి పొదుగు చూపిస్తూ నిలబడింది. పిల్ల చీకింది. ఎండిపోయిన తోలు చీకినట్టే. దెల్మీరా మేకపాలు తెచ్చి సీసాతో పట్టింది. మూడో రోజు పొద్దున నేను వెళ్లేసరికి సీసా పట్టుకుని గడ్డి మీద కూర్చుని ఉంది, పిల్ల తల ఒళ్లో ఉంది. అప్పటికే చల్లబడింది.

"ముర్రుపాలు ఒక్క గుక్క పడుంటే బతికేది సెలెస్తీనో. ఒక్క గుక్క" అంది. మోస్కా ఆ పిల్ల పడుకున్న చోటును నాలుగు రోజులు వదల్లేదు.

ఊళ్లో నోళ్లు ఊరుకుంటాయా? అంగడి దగ్గర బసీలియో అనే ఆవులవాడు, ఆమె లోపల ఈస్టు కొంటోందని తెలిసే గట్టిగా అన్నాడు: "పెళ్లి కాని ఆవిడ చేతిలో పెరిగిన గుర్రం అది. దానికి మాత్రం పాలెక్కడ్నుంచి పడతాయ్?" నలుగురు నవ్వారు. దెల్మీరా పొట్లం పట్టుకుని బయటికొచ్చి అతని ముందు ఆగింది. "నీ పెళ్లానికి ఆరుగురు పిల్లలు బసీలియో. ఒక్కడూ నీ పక్కన నిలబడి నవ్వట్లేదేం?" అనేసి వెళ్లిపోయింది. కానీ బండి ఎక్కేటప్పుడు ఆ పొట్లం అరుగు మీదే వదిలేసి పోయింది. నేను చూశాను.

మోస్కా మళ్లీ చూలు కట్టింది. దానికి పద్నాలుగేళ్లు. ఇదే ఆఖరి కాన్పు అని అందరికీ తెలుసు. సెప్టెంబరులో నేనే పట్టుబట్టి రౌచ్ నుంచి పశువుల డాక్టరు లుక్రేసియాను నా పికప్‌లో తీసుకొచ్చాను. ఆమె వయసులో చిన్నది, మాటలు తక్కువ. మోస్కా కడుపు తడిమింది, పొదుగు కింద చెయ్యి పెట్టి చూసింది. తర్వాత గుర్రాన్ని వదిలేసి పొలంలోకి నడిచి, గడ్డి ఒక పిడికెడు పీకి వేళ్లతో చీల్చింది.

"దోన్యా దెల్మీరా, మీ గుర్రానికి రోగం లేదు. రోగం దీన్లో ఉంది."

"గడ్డిలోనా?"

"గడ్డి లోపల కంటికి కనిపించని బూజు ఉంటుంది. ఆవులు చాలావరకు తట్టుకుంటాయి. సూడి గుర్రాలు తట్టుకోలేవు. పాలు దిగమని ఒంట్లో పుట్టే సంకేతాన్ని అది నొక్కేస్తుంది. మాయ కూడా మందంగా తయారవుతుంది. పిల్ల లోపలే ఊపిరాడక పోవచ్చు."

దెల్మీరా డాక్టరు చేతిలోంచి ఆ గడ్డిపరకలు తీసుకుంది. ఆ పల్లమంతా చూసింది. "ఇది నేనే చల్లాను" అంది చివరికి. "నా చేత్తో."

డాక్టరు ఓదార్చలేదు. ఏం చేయాలో చెప్పింది. ఈ గడ్డి ఇవాళే మాన్పించాలి. మూడు నెలల ముందే మాన్పిస్తే బాగుండేది, ఇప్పుడు నెలన్నరే ఉంది, అయినా ప్రతి రోజూ లెక్కే. లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేత పెట్టాలి. ఈనడానికి రెండు వారాల ముందు నుంచి నోట్లో వేసే పేస్టు ఇస్తుంది, అది పాలు దిగడానికి సాయం చేస్తుంది. "గుర్రం చిన్నది కాబట్టి మందు కూడా చాలా తక్కువ. గీత దాటి ఒక్క చుక్క ఎక్కువ వెయ్యొద్దు. ఇంకో మాట. పాలు పడ్డాయా లేదా అని పొదుగు పిండి చూడొద్దు. ముర్రుపాలు ఒకసారి కారిపోతే మళ్లీ రావు."

ఆ ఏడు వానల్లేవు. చుట్టుపక్కల ఎక్కడా లూసర్న్ మోపు దొరకలేదు. ఒక్కచోట మాత్రం పచ్చగా నిలబడి ఉంది. కంచెకు అవతల, ఎర్మిందా మెరక పొలంలో. దాని వేళ్లు లోతుకు దిగుతాయి కాబట్టి ఎండ దాన్నేమీ చేయలేదు.

రెండు రోజుల తర్వాత నేను ఎర్మిందా పెరట్లో ఆమె ముసలి గుర్రం కాలు ఒళ్లో పెట్టుకుని ఆకురాయితో గీస్తున్నాను. కుక్క మొరిగింది. తలెత్తి చూస్తే దెల్మీరా, తలకు చుట్టే గుడ్డ చేత్తో పట్టుకుని, కంచె దాటకుండా, దారి చుట్టి గేటు వైపు నుంచి వస్తోంది. ఎర్మిందా బట్టలు కుట్టి బతికేది. మెడలో టేపుతో గడపలోకి వచ్చి నిలబడింది. నేను లేచి పోదామనుకున్నాను. గుర్రం కాలు వదల్లేక అక్కడే ఉండిపోయాను.

"మోస్కా సూడితో ఉంది" అంది దెల్మీరా.

ఎర్మిందా మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంది.

"నా గడ్డి దానికి విషమంట. డాక్టరు చెప్పింది. నీ లూసర్న్‌లో నెలన్నర మేపుకోనిస్తావా అని అడగడానికొచ్చాను."

"ఎవరి గుర్రాలే అవి?" ఎర్మిందా గొంతు నెమ్మదిగానే ఉంది. "ఆ నీళ్లలో ఉన్న గుర్రాలేనా?"

"దాని పిల్ల."

"ఆ గుర్రాల కోసం నా మొగుణ్ణి తీసుకెళ్లావు. ఇప్పుడు గడ్డి కూడా కావాలా?"

దెల్మీరా తల వంచుకుంది. "సరే" అని మాత్రం అని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఎర్మిందా లోపలికెళ్లి తలుపు వేసుకుంది. కుట్టుమిషను చప్పుడు మొదలైంది, ఆగింది, మళ్లీ మొదలైంది. నేను పని ముగించి బయల్దేరేదాకా ఆ మిషను ఒక్క నిమిషం కూడా సాఫీగా నడవలేదు.

తొమ్మిది రోజులు దెల్మీరా మోస్కాను గడ్డి లేని గట్టి నేల మీద కట్టేసి, రోడ్డు పక్కన ఎక్కడెక్కడో కోసుకొచ్చిన మేత వేసింది. అది చాలదని ఆమెకు తెలుసు. పదో రోజు పొద్దున మేతకు వెళ్తూ చూస్తే, కంచెలో రెండు గుంజల మధ్య తీగలన్నీ తెగి ఉన్నాయి. తెగిన కొసలు గుర్రానికి గీసుకోకుండా వెనక్కి మడిచి చుట్టి ఉన్నాయి. అవతల ఎర్మిందా, చేతిలో పటకారు.

"గొర్రెలన్నీ అమ్మేశాను. గడ్డి ఊరికే ముదిరిపోతోంది" అంది. అక్క వైపు చూడలేదు. "గుర్రాన్ని తోలు. నువ్వు మాత్రం గాలిమర దాటి ఇంటి వైపు రాకు."

దెల్మీరా దాటలేదు. పొద్దున్నే వచ్చి గాలిమర దగ్గర ఆగేది, మోస్కాను పిలిచేది, చూసుకుని వెళ్లిపోయేది. అక్టోబరు నడిమికి పేస్టు వేయాల్సిన రోజులొచ్చాయి. మోస్కాకు ఆ వాసన పడలేదు. తల విదిలించి మందంతా ఉమ్మేసేది. ఒంటరిగా పట్టుకోవడం దెల్మీరా వల్ల కాలేదు. రెండో రోజు కూడా మందు గడ్డి మీద పడింది. మూడో రోజు ఎర్మిందా ఇంట్లోంచి వచ్చి మోస్కా తలను చంకలో అదిమి పట్టింది.

"వెయ్యి."

దెల్మీరా సూదిలేని సిరంజి పెదవి మూల నుంచి దూర్చి గీత దాకా నొక్కింది.

ఆ తర్వాత ప్రతి పొద్దునా అంతే. మాటలన్నీ గుర్రం గురించే. "ఇవాళ నీళ్లు బాగా తాగింది." "మధ్యాహ్నం పక్కకు వాలి పడుకుంది." "పొదుగు?" "ఏం లేదు."

పొదుగు నిండలేదు. వారం గడిచినా అరచేతిలో ఇమిడిపోయే రెండు ముడతలే. బసీలియో తల్లి, తొంభై ఏళ్ల ముసలావిడ, వేడి నీళ్ల గుడ్డతో రుద్ది పిండితే పాలు దిగుతాయని కబురు పంపింది. మోస్కాను చూద్దామని ఆగి, ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. దెల్మీరా చెయ్యి గుర్రం కడుపు కిందికి వెళ్లింది. ఎర్మిందా ఆ మణికట్టు పట్టుకుంది.

"డాక్టరు వద్దంది కదే."

"చూడకుండా ఎలా ఉండమంటావు?"

"ఉండాలి. అంతే."

పంతొమ్మిదేళ్లలో వాళ్లిద్దరూ ఒకరినొకరు తాకడం అదే మొదటిసారి అయ్యుంటుంది. ఎర్మిందా వెంటనే చెయ్యి వదిలేసింది.

తొమ్మిదో రోజుకు పొదుగు కాస్త బరువెక్కింది. పన్నెండో రోజుకు ముందువైపు ఉబ్బింది. పద్నాలుగో రోజు చను కొనల మీద పసుపు రంగు బొట్లు మైనంలా అంటుకుని కనిపించాయి. ఎర్మిందా కుట్టుపని బయటికి తెచ్చుకుని, కుర్చీ వేసుకుని, పొద్దంతా అక్కడే కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం, ఊరంతా కునుకు తీసే వేళ. నేను మోస్కా సంగతి కనుక్కోవడానికి వచ్చి, దెల్మీరా వాకిట్లో పికప్‌లోని పనిముట్లు సర్దుకుంటున్నాను. మెరక వైపు నుంచి కేక వినిపించింది: "దెల్మీరా! దెల్మీరా!"

ఆమె నాకంటే ముందు పరిగెత్తింది. గాలిమరను దాటేసింది. మోస్కా ఇంటి గోడ నీడలో పక్కకు వాలి పడి ఉంది. దాని వెనక బయటికొస్తున్నది తెల్లటి ఉమ్మనీటి సంచి కాదు. ఎర్రగా, ముఖమల్ గుడ్డలాగా ఉంది. పిల్లకు ఊపిరి అందించే మాయే ముందుగా ఊడి వచ్చేస్తోంది. డాక్టరు దీని గురించి చెప్పింది: నిమిషాల్లో కోయకపోతే పిల్ల దక్కదు.

"కత్తెర" అంది దెల్మీరా. ఎర్మిందా ఏప్రాన్ జేబులోంచి కుట్టు కత్తెర తీసి అందించింది. దెల్మీరా పట్టుకుని పొర మీద ఆనించింది. మళ్లీ చెల్లెలి చేతిలోనే పెట్టేసింది.

"నా వల్ల కావట్లేదు. నువ్వే కొయ్యి."

"నేనెలా కొయ్యను? లోపల పిల్లకు తగిలితే?"

"రోజూ కోసేదానివి నువ్వే కదే. గుడ్డ అనుకో. కొయ్యి!"

ఎర్మిందా మోకాళ్ల మీద కూలబడి ఆ మందపాటి ఎర్ర పొరను పట్టుకుని కోసింది. ఒక్కసారికి తెగలేదు. రెండోసారికి తెగింది. లోపల తెల్లటి సంచి, అందులో రెండు చిన్న కాళ్లు. దెల్మీరా ఆ కాళ్లు పట్టుకుంది. నేను ఆమె వెనక కూర్చుని ఆమె నడుం పట్టుకున్నాను. గుర్రం ముక్కినప్పుడల్లా కిందికి లాగాం. పిల్ల జారి గడ్డి మీద పడింది. కదల్లేదు. ఎర్మిందా తన ఏప్రాన్ విప్పి దాని పక్కటెముకలు రుద్దుతూనే ఉంది. దెల్మీరా దాని ముక్కులోంచి నీరు పిండింది, ముక్కులోకి గడ్డిపరక దూర్చి కెలికింది. ఎంతసేపో నాకు తెలియదు. పిల్ల తుమ్మింది.

గంటకు పైగా పట్టింది అది నిలబడటానికి. నాలుగుసార్లు పడింది. ఆఖరికి తూలుతూ తల్లి కడుపు కింద దూరి, వెతికి, పట్టుకుంది. దాని మూతి మూల నుంచి చిక్కటి పసుపు పాలు కారి గడ్డం మీద పడ్డాయి. దెల్మీరా వేలితో ఆ చుక్కను తుడిచి, వేలు చూసుకుంటూ ఉండిపోయింది.

ముగ్గురం గోడకు ఆనుకుని నేల మీదే కూర్చున్నాం. అప్పుడు దెల్మీరా, ఎవరూ అడగకుండానే, మాట్లాడింది.

"ఆ రోజు నేనే పంపాను. నాలుగోది ఇంకా ఉందని నేనే చెప్పాను. అతను కాదనలేడని నాకు తెలుసు. తెలిసే చెప్పాను."

ఎర్మిందా చేతుల మీద రక్తం ఎండిపోతోంది. దాన్ని గోటితో గీకింది.

"ఈ మాట చెప్పడానికి పంతొమ్మిదేళ్లు పట్టిందా నీకు?"

"మూడుసార్లు వచ్చాను. కంచె దాకా."

"కంచె దాకా వస్తే నాకేం? నేను ఇంట్లో ఉన్నాను."

క్షమించానని ఎర్మిందా అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా అన్నట్టు నేను వినలేదు. కాసేపటికి లేచి, చేతులు కడుక్కుని, లోపలికెళ్లి మాతే కాచి తెచ్చింది. మొదటి గిన్నె తాను తాగింది, అదే గిన్నె మళ్లీ నింపి అక్కకు ఇచ్చింది.

పిల్లకు రుఫీనో పేరు పెడదామని నేను నోరు జారాను. ఎర్మిందా నా వైపు ఎలా చూసిందంటే నాకు ఇప్పటికీ సిగ్గే. "గుర్రానికి గుర్రం పేరే పెట్టండి" అంది. లిస్తా, అంటే చార, అని పెట్టారు. కాలి మీద తెల్ల చార ఉంది దానికి. మోస్కా దానికి ఐదు నెలలు పాలిచ్చింది. ఆ తర్వాత ఇంక ఈనలేదు.

తర్వాతి ఏడు దెల్మీరా పల్లమంతా దున్నించింది. ఆ నేలలో ఇంకేదీ సరిగ్గా మొలవలేదు. సగం బీడుగానే ఉండిపోయింది. ఆమె ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. బసీలియో ఒక వసంతంలో టోపీ చేత్తో పట్టుకుని ఆమె వాకిట్లో నిలబడ్డాడు. అతని కూతురి గుర్రానికి నెలలు నిండినా పొదుగు రాలేదు. ఆమె బూట్లు తొడుక్కుని నా పికప్ ఎక్కింది. అతను దారంతా ఏదేదో సంజాయిషీ చెప్పబోతుంటే ఆపింది.

"గుర్రం సంగతి తర్వాత. ముందు అది ఏం మేస్తోందో చూపించు."

అలా చాలా పొలాలకు వెళ్లాం ఇద్దరం. కొన్ని పిల్లలు దక్కాయి, కొన్ని దక్కలేదు. దక్కనప్పుడు ఆమె ఆ ఇంటివాళ్లతో పాటు కాసేపు అక్కడే కూర్చునేది.

ఎర్మిందాకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. ఆ చలికాలం మొత్తం దెల్మీరా మెరక ఇంట్లోనే ఉండి చెల్లెలికి గంజి కాచి పోసింది, ఒళ్లు తుడిచింది. ఆగస్టులో, మా వైపు చలికాలం చివర్లో, ఎర్మిందా పోయింది. ఆమెను రుఫీనో పక్కనే పెట్టాం. తిరిగొచ్చాక నేను మెరక ఇంటికి వెళ్తే, దెల్మీరా కుట్టుమిషను మీద గుడ్డ కప్పుతోంది. వాకిట్లోకొచ్చి లిస్తా కాలెత్తి నాకు పట్టించింది.

"ఎడమ డెక్క పగిలింది. చూడు" అంది. నేను కూర్చుని పని మొదలుపెట్టాను.